రొట్టెల పండుగ నడివేసవిలోకి వస్తోంది

సంపాదకులకు,

నెల్లూరు స్వర్ణాల చెరువు గట్టున ఉన్న బారాషహీద్ దర్గాలో మొహర్రం నెలలో జరిగే రొట్టెల పండుగ గురించి ఏటా పత్రికల్లో వార్తలు, ఫొటోలు విరివిగా వస్తుంటాయి. జనం ఎంత మంది వచ్చారో, ఏ నాయకుడు ఏ రొట్టె పట్టుకున్నారో చదువుతూనే ఉన్నాం. కానీ రాబోయే నాలుగైదేళ్లలో ఈ పండుగ నడివేసవిలోకి వచ్చి పడబోతున్నదన్న సంగతి ఎవరూ ప్రస్తావించినట్టు లేదు.

మన పంచాంగంలో అధికమాసం వచ్చి నెలలను రుతువులతో సరిచేస్తుంది. హిజ్రీ క్యాలెండర్‌లో అధికమాసం లేదు కనుక మొహర్రం ఏటా పది పదకొండు రోజులు ముందే వచ్చేస్తుంది. 2019లో సెప్టెంబరులో జరిగిన ఈ పండుగ 2024లో జులై 17న, 2025లో జులై 6న మొదలైంది. ఈ లెక్కన 2027లో జూన్ మధ్యకు, 2028లో జూన్ మొదటి వారానికి, 2029లో మే నాలుగో వారానికి చేరుతుంది. నెలవంకను బట్టి ఒకటి రెండు రోజులు అటూ ఇటూ కావచ్చు గానీ, 2028, 2029 రెండేళ్లూ పండుగ రోహిణి కార్తెలోనో, దాని అంచునో పడడం ఖాయం. రోళ్లు పగిలే ఆ రోజుల్లో పడమటి గాలి తిరిగిందంటే నెల్లూరులో 43, 44 డిగ్రీలు మామూలే.

ఏ ఉరుసుకైనా ఎండ ఇబ్బందే అనవచ్చు. చాలా దర్గాల్లో భక్తులు గోరీ దర్శించుకుని, ఫాతెహా చదివించుకుని నీడపట్టుకు చేరతారు. ఇక్కడ అసలు మొక్కుబడి తీరేది ఆరుబయట, మోకాలి లోతు నీళ్లలో. కోరిక తీరినవారు రొట్టె తెచ్చి వదలాలి, అదే కోరిక ఉన్నవారు దాన్ని పట్టుకుని తినాలి, తమ కోరిక తీరాక మళ్లీ వచ్చి మరొకరికి ఇవ్వాలి. పెళ్లి రొట్టె, చదువు రొట్టె, సంతాన రొట్టె, ఆరోగ్య రొట్టె, ఈ మధ్య విదేశీ రొట్టె అంటూ తలమీద కొంగో రుమాలో కప్పుకుని కేకవేస్తూ, ఇచ్చేవారు దొరికేదాకా నిలబడాలి. ఒక్కోసారి అయిదు నిమిషాల్లో దొరుకుతుంది, ఒక్కోసారి గంటన్నర పడుతుంది. సంతాన రొట్టె ఇవ్వడానికి వచ్చేవారి చంకలో పసిబిడ్డ ఉంటుంది. ఆరోగ్య రొట్టె కోసం వచ్చేవారిలో ఎక్కువ మంది అప్పటికే ఆరోగ్యం సరిగా లేనివారన్నది వేరే చెప్పనక్కరలేదు.

ఈ పండుగ వేసవిలో రావడం ఇదే మొదటిసారి కాదు. సుమారు ముప్పై మూడేళ్లకు చక్రం తిరిగి మొహర్రం మళ్లీ అదే రుతువులోకి వస్తుంది. 1996లో ఈ పండుగ మే నెలాఖరున వచ్చింది. అప్పుడు నాకు ఎనిమిదేళ్లు. మా అమ్మ తెల్లవారుజామునే గోధుమరొట్టెలు కాల్చి, తడిగుడ్డలో చుట్టి, పైన అరటాకు కప్పింది. మేము చెరువు దగ్గరికి చేరేసరికి గుడ్డ ఆరిపోయింది, రొట్టె అప్పడంలా విరిగింది. చెప్పులు గట్టున వదిలి నీళ్లదాకా పరుగెత్తిన ఆ కొద్ది దూరం నా అరికాళ్లకు ఇప్పటికీ గుర్తుంది. అప్పటికి ఈ పండుగకు ఇంత పేరు లేదు. ఇప్పుడిది రాష్ట్ర పండుగ. తమిళనాడు, కర్ణాటక, తెలంగాణల నుంచి, మహారాష్ట్ర నుంచి కూడా లక్షల్లో వస్తున్నారు. పైగా మే నెలాఖరంటే బడులకు సెలవులు. జులైలో పిల్లలను ఇంటి దగ్గర వదిలి వచ్చేవారు కూడా అప్పుడు కుటుంబమంతా కలిసి బయలుదేరతారు.

నీటి సంగతి ఇంకా ముఖ్యం. వేసవిలో చెరువు సగం దిగిపోయి, ఉన్న నీళ్లలోనే అన్ని లక్షల మంది దిగితే, ఆ నీటినే తలపై చల్లుకుని, ఆ చేతులతోనే రొట్టె తినేవారి గతి ఏమిటి? కాబట్టి సోమశిల జలాశయం నుంచి పెన్నాకు నీరు వదిలే రోజుల్లోనే పండుగ అవసరానికి తగినంత లెక్కగట్టి చెరువులో నిలుపుకోవాలి. తీరా మే నెలలో అడిగితే తాగునీటికా, పండుగకా అన్న పేచీ వస్తుంది. ఆ పేచీలో తాగునీటిదే న్యాయం.

ఇక వేళల విషయం. సందల్‌మాలి, గంధమహోత్సవం, రొట్టెల పండుగ, తహలీల్ ఫాతెహా, ముగింపు అని అయిదు రోజులున్నా, రొట్టెలు మార్చుకోవడానికి ఫలానా ముహూర్తమంటూ లేదు. కోటమిట్ట నుంచి 12 బిందెల్లో గంధం వచ్చేది ఎలాగూ రాత్రిపూటే. దీపాల వెలుగులో అర్ధరాత్రి దాకా రొట్టెలు మార్చుకునేవారూ ఉన్నారు. దూరప్రాంతాల వారికి ఈ సంగతి తెలియక పగటి బస్సు దిగి నేరుగా మిట్టమధ్యాహ్నం నీళ్లలోకి వస్తున్నారు. పగలు పదకొండు నుంచి నాలుగు దాకా షామియానాల కింద విశ్రాంతి తీసుకుని సాయంత్రం దిగమని దర్గా పెద్దలే చెబితే జనం వింటారు. మైకులో అధికారులు చెబితే అంతగా వినరు, ఇది నేను చూసిన మాట. తమిళ, కన్నడ, ఉర్దూ భాషల్లోనూ చెప్పాలి.

టెంట్లు, మజ్జిగ, ఓఆర్ఎస్ పొట్లాలు, అంబులెన్సులు ఆ ఏటికి ఆ ఏడు సమకూర్చుకోవచ్చు. చెట్లను అలా సమకూర్చుకోలేం. చెరువు గట్టు పొడవునా, వాహనాలు నిలిపే మైదానాల అంచున ఈ వర్షాకాలంలోనే వేప, కానుగ మొక్కలు నాటి, కంచె కట్టి, రెండు వేసవులు నీళ్లు పోస్తే 2029 నాటికి ఒక్కో చెట్టు కింద ఒక కుటుంబం కూర్చోగలదు. రాబోయే అయిదేళ్ల పండుగ తేదీలను, చంద్రదర్శనాన్ని బట్టి మారవచ్చన్న గమనికతో, మీ జిల్లా పేజీలో ఒకసారి ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
మూలాపేట, నెల్లూరు