ఆకుపచ్చ మండలంలో ఎర్ర బొట్లు

సంపాదకులకు నమస్కారం.

కిందటి వారం మీ జిల్లా పేజీలో విషజ్వరాల వార్తతో పాటు నల్లగొండ జిల్లా పటం వేశారు. కేసులు ఎక్కువున్న మండలాలకు ఎరుపు, ఓ మాదిరిగా ఉన్నవాటికి పసుపు, తక్కువున్నవాటికి ఆకుపచ్చ రంగు వేశారు. మా మండలం ఆకుపచ్చగా ఉంది. పక్కింటివాళ్లు పేపరు తెచ్చి చూపించి, "మనకేం భయం లేదు కదమ్మా" అన్నారు. అవునని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ముప్ఫై మూడేళ్లు ఆరోగ్య శాఖలో పనిచేశాను. మొదట ఏఎన్ఎంగా, చివర్లో పర్యవేక్షకురాలిగా. మండలమంతా ఒకే రంగు పూస్తే దాని కింద ఏం దాగిపోతుందో కళ్లారా చూశాను కనుక ఈ ఉత్తరం రాస్తున్నాను.

దేవరకొండ వైపు ఒక తండాలో జరిగిన సంగతి ఇది. పన్నెండేళ్లు దాటింది. తండా పేరు రాయను, అక్కడివాళ్లకు ఇప్పుడు దాన్ని గుర్తు చేయడం నాకిష్టం లేదు. అప్పటికి తండాలు గ్రామ పంచాయతీలు కాలేదు. ఒక పెద్ద ఊరు, దాని శివారులో నాలుగు తండాలు. కాగితాల్లో అన్నీ కలిపి ఒకే రెవెన్యూ గ్రామం. వానాకాలంలో ఒక సోమవారం ఆ గ్రామం నుంచి తొమ్మిది మంది వాంతులు, విరేచనాలతో ఆస్పత్రిలో చేరారని కబురు వచ్చింది. చీటీలన్నిటి మీదా పెద్ద ఊరి పేరే ఉంది. అందరం పెద్ద ఊరికే పరుగెత్తాం. బడిలో వైద్య శిబిరం పెట్టాం, ట్యాంకు కడిగించాం, మోరీల వెంట బ్లీచింగ్ పొడి చల్లించాం. ఆ ఊళ్లో ఒక్కరికీ కడుపునొప్పి కూడా లేదు. జబ్బుపడ్డవాళ్లంతా మూడు కిలోమీటర్ల అవతలి తండావాళ్లు. ఆ సంగతి మాకు తెలిసేసరికి మంగళవారం సాయంత్రమైంది.

ఆ రాత్రి ఒక ముసలామెకు సెలైన్ పెట్టడానికి నేనే కూర్చున్నాను. మోచేతి దాకా గాజులు. వాటిని పైకి నెట్టి టార్చిలైటు వెలుతురులో నరం కోసం వెతికాను. ఒంట్లో నీరంతా పోయి నరాలు అణగిపోయాయి. మూడోసారికి దొరికింది కానీ తెల్లవారేలోపు ఆమె పోయింది. సోమవారమే ఆ తండాకు వెళ్లి ఉంటే ఓఆర్ఎస్ నీళ్లతోనే బతికేదని నేను ఈనాటికీ నమ్ముతాను.

బుధవారం పొద్దున అంగన్‌వాడీకి వెళ్లి పాత చార్టు ఒకటి అడిగాను. ముందువైపు పండ్ల బొమ్మలు, వెనుక తెల్లగా ఉంది. ఉత్తరం దిక్కు పైకి వచ్చేలా పెట్టి, అడుగులతో కొలుచుకుంటూ ఆశ కార్యకర్తతో కలిసి తండా అంతా తిరిగాను. మలేరియా సిబ్బంది గోడల మీద రాసి ఉంచిన ఇంటి నంబర్లే పటంలోనూ వేశాను. ట్యాంకు, బోరు మోటారు, వాల్వులు, నీళ్ల గొట్టం పోయే దారి నీలి పెన్నుతో గీశాను. జబ్బుపడ్డవాళ్లను గుర్తుపెట్టడానికి ఎర్ర పెన్ను దొరకలేదు. అంగన్‌వాడీ టీచరు తన సంచిలోంచి బొట్టుబిళ్లల అట్ట తీసి ఇచ్చింది. ఒక్కో మనిషికి ఒక్కో బొట్టు అంటించి, పక్కన విరేచనాలు మొదలైన తేదీ రాస్తూ పోయాం.

మధ్యాహ్నానికి 23 బొట్లు పడ్డాయి. వాటిలో 19 కింది వరుస ఇళ్లలోనే. "మేడమ్, మనం అంటించడం కాదు, అవే అక్కడికి పోతున్నాయి" అంది ఆశ కార్యకర్త. అదే వరుసలో బొట్టు పడని ఇళ్లు రెండున్నాయి. ఒకదానికి తాళం, కూలికి హైదరాబాద్ పోయారు. రెండో ఇంటి ఇల్లాలు, "మేం చెలక దగ్గరి బోరు నీళ్లే మోసుకొచ్చుకుంటామమ్మా, నల్లా నీళ్లు బర్రెలకే" అని చెప్పింది. మూడు బొట్లు మధ్య వరుసలో ఉన్నాయి. మిగిలిన ఒక్కటి తండా పైకొసన, ఎవరికీ సంబంధం లేనట్టు ఒంటరిగా ఉంది. పద్నాలుగేళ్ల పిల్ల. ఆ ఇంటికి నీళ్లు వేరే గొట్టం నుంచి వస్తాయి. నాకు అర్థం కాలేదు. ఆశ కార్యకర్తకు అర్థమైంది. అవి లంబాడీల తీజ్ పండుగ రోజులు. బుట్టల్లో గోధుమలు చల్లి, పెళ్లికాని ఆడపిల్లలు తొమ్మిది రోజులు నీళ్లు పోసి మొలకలు పెంచుతారు. బుట్టలు పెట్టింది కింది వరుసలో తండా నాయక్ ఇంటి దగ్గర. ఆ పిల్ల రోజూ అక్కడికి వెళ్లేది, పాటలు పాడి అలసి అక్కడి బిందెలో నీళ్లే తాగేది.

ఇక గొట్టం వెంట నడిచాం. కింది వరుస మొదట్లో వాల్వు గుంత, దాని నిండా మురుగు నీళ్లు. గొట్టం అతుకు మీద సైకిలు ట్యూబు చుట్టి ఉంది. నీళ్లు వదిలినప్పుడు అక్కడ పైకి చిమ్ముతాయి. నీళ్లు ఆపితే గొట్టంలో ఒత్తిడి పోయి, గుంతలోని మురుగు లోపలికి పోతుంది. మర్నాడు పొద్దున నల్లా విప్పితే ముందు వచ్చేది ఆ నీళ్లే. ఆ వరుసకు నీళ్లు ఆపించి, ట్యాంకరు తెప్పించి, అతుకు మార్పించాం. శనివారం తర్వాత కొత్త కేసు రాలేదు.

శిక్షణ తరగతుల్లో మాకు లండన్ డాక్టరు జాన్ స్నో కథ చెప్పేవారు. 1854 ఆగస్టు చివర సోహో ప్రాంతంలో కలరా విరుచుకుపడి పది రోజుల్లో 500 మందికి పైగా చనిపోయారు. చెడు గాలి వల్ల కలరా వస్తుందని అందరూ నమ్ముతున్న కాలంలో ఆయన ఇల్లిల్లూ తిరిగి, చావులను వీధుల పటం మీద గీతలుగా వేశాడు. గీతలన్నీ బ్రాడ్ వీధిలోని చేతిపంపు చుట్టూ మూగాయి. ఆ పక్కనే ఉన్న బీరు కార్ఖానాలో పనివాళ్లు 70 మందికి పైగా ఉన్నా ఒక్కరూ చనిపోలేదు, వాళ్లు ఆ పంపు నీళ్లు తాగేవారు కాదు. ఎక్కడో దూరాన హాంప్‌స్టెడ్‌లో ఉండే ఒక వితంతువు మాత్రం చనిపోయింది. ఆ నీళ్ల రుచి ఇష్టమై రోజూ బండి మీద తెప్పించుకునేదట. సెప్టెంబరు 8న పంపు పిడి ఊడదీశారు. అప్పటికే జబ్బు తగ్గుముఖం పట్టిందని కూడా మాకు చెప్పారు. మా తండాలోనూ ఎంత మా పని వల్ల ఆగిందో, ఎంత దానంతటదే తగ్గిందో కచ్చితంగా చెప్పలేను. కానీ చెలక బోరు ఇల్లాలినీ, తీజ్ బుట్టల పిల్లనూ తలుచుకున్నప్పుడల్లా ఆ కార్ఖానా పనివాళ్లు, ఆ వితంతువు గుర్తుకొస్తారు. నూటయాభై ఏళ్ల నాటి పరాయి దేశపు పాఠం చెలకల మధ్య తండాలో అక్షరం పొల్లుపోకుండా నిజమైంది.

ఇప్పుడు బొట్టుబిళ్లల అవసరం లేదు. దేశంలో వ్యాధుల నిఘా కార్యక్రమం 2004లో మొదలైంది. 2021 నుంచి దాని సమాచారమంతా ఆన్‌లైన్‌లో నమోదు చేస్తున్నారు, చోటు కూడా గుర్తించే వీలుంది. ఉపగ్రహ పటాలు తయారుచేసే జాతీయ దూర సంవేదన కేంద్రం మన హైదరాబాద్ బాలానగర్‌లోనే ఉంది. వాళ్ల భువన్ పటాలు 2009 నుంచి అందరికీ అందుబాటులో ఉన్నాయి. సాధనాలకు కొదవ లేదు. పటం మీద కేసు చుక్క ఎక్కడ పెడుతున్నామన్నదే నా బాధ.

క్షేత్రంలో జరిగేది చెబుతాను. పగలంతా తిరిగిన ఏఎన్ఎం సిగ్నలు లేక, సాయంత్రం ఆరోగ్య కేంద్రానికి వచ్చి అన్నీ ఒకేసారి నమోదు చేస్తుంది. ఫోను తనున్న చోటునే గుర్తిస్తే, పటంలో జ్వరాలన్నీ ఆరోగ్య కేంద్రం ఆవరణలో వచ్చినట్టే కనిపిస్తాయి. పట్నంలో అద్దెకుండే కుర్రాడికి డెంగీ వస్తే ఆధార్ కార్డు మీది సొంతూరి చిరునామా ఎక్కుతుంది. పొగ యంత్రం ఆ ఊరికి వెళుతుంది. అతన్ని కుట్టిన దోమ హైదరాబాద్‌లో అతని గది బయటి పూలకుండీలో గుడ్లు పెడుతూనే ఉంటుంది. ఏడిస్ దోమ సాధారణంగా కొన్ని వందల మీటర్లు దాటి పోదు. చిరునామా ఒక్కటి తప్పితే చేసిన పనంతా వృథా.

ఊళ్ల పేర్లతో ఇంకో చిక్కుంది. 2016లో పాత నల్లగొండ మూడు జిల్లాలైంది. పాత మహబూబ్‌నగర్ నాలుగై, 2019లో నారాయణపేటతో ఐదైంది. 2018 చట్టంతో తండాలు పంచాయతీలయ్యాయి, ఎన్నో ఏళ్ల కోరిక తీరింది, సంతోషమే. కానీ జనాభా లెక్కలు 2011వి. ఆ లెక్కల్లో తండా విడిగా లేదు, పెద్ద ఊరిలో కలిసి ఉంది. తండాలో ఎంతమంది ఉన్నారో తెలియనప్పుడు ఆరుగురికి జబ్బు చేయడం ఎక్కువో తక్కువో ఎలా చెబుతాం? 300 మంది ఉన్న తండాలో ఆరుగురంటే గంట కొట్టాల్సిన సంగతి. 40 వేల మంది ఉన్న మండలంలో అదే ఆరుగురు ఆకుపచ్చ రంగు.

ఈ సంగతి మన జిల్లాకు ఒకరు నేర్పాల్సింది కాదు. ఫ్లోరైడ్ నీళ్లతో వంగిపోయిన నడుములను మర్రిగూడ, నాంపల్లి వైపు మా తరం వాళ్లందరం చూశాం. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రమాణం. ఒకే ఊళ్లో ఒక బోరులో అది దాటేది, ఇంకో బోరులో దాటేది కాదు. మండల సగటు నీళ్లను ఎవరూ తాగరు, తన ఇంటి దగ్గరి బోరు నీళ్లే తాగుతారు.

కరోనా కాలంలో రోజూ టీవీలో జిల్లాల పటాలు చూశాం. కేసు నమోదు కాని చోటు క్షేమమని అనుకున్నాం. 2020 మే నుంచి భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) ఇల్లిల్లూ తిరిగి రక్త నమూనాలు తీయించిన సర్వేలో జనగామ, కామారెడ్డితో పాటు మన నల్లగొండ కూడా ఉంది. జిల్లాకు పది చోట్ల, 400 మందికి. ఆగస్టు, సెప్టెంబరుల్లో చేసిన రెండో విడత లెక్కలను బట్టి, దేశంలో ఒక కేసు నమోదైతే నిజానికి 26 నుంచి 32 మందికి సోకి ఉంటుందని తేలింది. పరీక్షలు ఎక్కడ చేశారో అక్కడే చుక్కలు పడతాయి. చుక్క లేని చోటును చూసి నిశ్చింతగా ఉండకూడదు, ముందు అక్కడికే ఒకరిని పంపాలి. అమ్రాబాద్ అడవి లోపల చెంచు గిరిజనులుండే పెంటలనే చిన్న గూడేల వంటి చోట్ల ఇది మరీ ముఖ్యం. పటం మీద గీత గీస్తే ఆస్పత్రి దగ్గరగానే ఉంటుంది, వాగు పొంగితే ఆ గీత మీద ఎవరూ నడవలేరు. దూరాన్ని కిలోమీటర్లలో కాకుండా వానాకాలంలో పట్టే గంటల్లో లెక్కగట్టాలి.

సరైన చోట చుక్క పెడితే ఎంత దూరం పోవచ్చో హైతీ చూపింది. 2010 అక్టోబరులో అక్కడ కలరా మొదలైంది. వేల మంది చనిపోయారు. రెనో పియారూ అనే ఫ్రెంచి వైద్యుడు ఊరూరా ఏ తేదీన మొదటి కేసు వచ్చిందో పటం మీద వేసుకుంటూ, ఆర్టిబొనైట్ నది వెంట ఎగువకు వెళ్లి, ఐక్యరాజ్యసమితి శాంతి సైనికుల శిబిరం మురుగు కలిసిన వాగు దగ్గర తేలాడు. ఆరేళ్లకు, 2016 డిసెంబరులో, ఆ సంస్థ ప్రధాన కార్యదర్శి హైతీ ప్రజలకు క్షమాపణ చెప్పారు. తేదీ, చోటు, నీళ్ల దారి. ఈ మూడూ దగ్గరుండటం వల్లే అది సాధ్యమైంది.

మన అధికారులను నేను అడిగేదీ ఆ మూడే. ప్రతి నమోదులో రెవెన్యూ గ్రామంతో పాటు తండా పేరు, వీధి పేరు తప్పనిసరి చేయండి. ఆస్పత్రికి వచ్చిన తేదీ కన్నా జబ్బు మొదలైన తేదీ ముఖ్యం, అది రాయించండి. ఇంటింటి నల్లా గొట్టాలు, వాల్వులు, ట్యాంకులు ఎక్కడున్నాయో చూపే పటం ఇంజనీర్ల బీరువాలో ఉంటే చాలదు. వానలు మొదలుకాకముందే ప్రతి ఉపకేంద్రం గోడ మీద ఉండాలి. ఆ రోజు నాకు గొట్టం దారి చూపింది పటం కాదు, నీళ్లు వదిలే మనిషి. అతను ఊళ్లో లేకపోయి ఉంటే ఇంకో రోజు పోయేది.

మీ పత్రికనూ ఒకటి అడుగుతున్నాను. మండలాలకు రంగులు వేసేటప్పుడు వెయ్యి మందికి ఎంతమందో లెక్కగట్టి వేయండి, ఏ వారం సమాచారమో పటం కిందే రాయండి. అదే సమయంలో ఇళ్లు గుర్తుపట్టేంత దగ్గరి పటాలు మాత్రం అచ్చువేయకండి. 2020లో ఊళ్ల పొలిమేరల్లో ముళ్లకంపలు అడ్డం వేసిన రోజులు నాకు గుర్తున్నాయి. ఒక ఇంటి తలుపుకు అంటించిన కాగితం చూసి ఆ ఇంటికి పాలు పోయడం మానేశారు. వీధి పటం చూడాల్సింది వైద్య సిబ్బంది, నీళ్ల సిబ్బంది, ఆ ఊరి సర్పంచ్.

ఆనాటి చార్టు ఇంకా నా దగ్గరే ఉంది. జిగురు ఎండి నాలుగైదు బొట్లు రాలిపోయాయి, వాటి చోట ఎర్రటి మరకలు మిగిలాయి. దాని ఫొటో ఈ ఉత్తరంతో పంపుతున్నాను. ఇంటి నంబర్ల మీద తెల్ల కాగితం ముక్కలు అంటించాకే ఫొటో తీశాను. వేయదలిస్తే అలాగే వేయండి.

విశ్రాంత ఆరోగ్య పర్యవేక్షకురాలు,
దేవరకొండ, నల్లగొండ జిల్లా