మా నాన్న పొట్ట మీది సంచి గురించి, మంత్రిగారికి

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్యశాఖ మంత్రి గారికి,

నమస్కారం. ఇది నా అయిదో అర్జీ. మొదటి నాలుగూ కలెక్టరాఫీసులో సోమవారం గ్రీవెన్సులో ఇచ్చాను. నాలుగింటికీ 'మీ అర్జీ పరిష్కరించబడినది' అని ఫోనుకు మెసేజీ వచ్చింది. ఏం పరిష్కారమైందో చూద్దామని ప్రతిసారీ మా నాన్న చొక్కా ఎత్తి చూస్తున్నాం. పేగులోంచి వచ్చే మలం పట్టే సంచి అక్కడే ఉంటోంది.

మాది శ్రీకాకుళం జిల్లా, ఉద్దానం. నాన్నకు 63 ఏళ్ళు. నిన్నమొన్నటిదాకా కొబ్బరిచెట్లెక్కి కాయలు దింపిన మనిషి. 2024 డిసెంబరులో ఆయన పెద్దపేగు పూర్తిగా మూసుకుపోయింది. అంతకు ముందు ఆరు నెలలుగా విరేచనంలో రక్తం పడుతుంటే ఊళ్ళో ఆర్‌ఎంపీ మొలలన్నాడు. మేమూ మొలలే అనుకున్నాం. అందులో మీ తప్పేమీ లేదు. క్యాన్సర్ పరీక్షలంటూ ఏఎన్‌ఎం గారు మా వీధికీ వచ్చారు. నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం గురించి అడిగి రాసుకున్నారు. పేగు సంగతి ఆ కాగితంలో లేదు.

రెండు రోజులు గ్యాసు కూడా పోలేదు. పొట్ట డప్పులా బిగుసుకుంది. పచ్చటి వాంతులు. మొదటి ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసి, రాత్రిపూట సర్జన్ ఉండరన్నారు. రెండో చోట సీటీ తీసి, ఐసీయూలో బెడ్డు లేదన్నారు. విశాఖలో ఆరోగ్యశ్రీ నెట్‌వర్క్ ఆసుపత్రికి చేరేసరికి తెల్లారిపోయింది. అక్కడ కౌంటరులో కార్డు తీసుకుని, గడ్డ ముక్క తీసి చేసే పరీక్ష, బయాప్సీ రిపోర్టు ఏదీ అన్నారు. ఇవాళో రేపో పేగు పగిలిపోతుందన్న మనిషికి బయాప్సీ ఎక్కణ్ణుంచి తెస్తామండీ? చివరికి సర్జన్ గారే బయటికొచ్చి, 'ఎమర్జెన్సీ అని ఫోన్‌లో అప్రూవల్ అడగండి, నేను థియేటర్‌కి తీసుకెళ్ళిపోతున్నా' అన్నారు. ఆయన పుణ్యాన నాన్న మాకు మిగిలారు.

క్యాన్సర్ గడ్డ ఎడమవైపు, సిగ్మాయిడ్ అనే పెద్దపేగు కింది వంపు దగ్గర. దానికి పైన పేగంతా మలంతో ఉబ్బి, గోడలు పలచబడ్డాయి. అలాంటి పేగును అప్పటికప్పుడు కలిపి కుడితే కుట్లు విడిపోయి మలం కడుపులోకి కారుతుందట. అందుకని గడ్డ ఉన్న ముక్క కోసేసి, కింది మొన మూసేసి, పై మొనను పొట్ట మీదికి తెచ్చి సంచి తగిలించారు. హార్ట్‌మన్ ఆపరేషన్ అంటారు. 1921లో ఫ్రాన్సు సర్జన్ ఒకాయన చెప్పిన పద్ధతి. 'ఇది సగం ఆపరేషన్. కీమో అయ్యాక, ఆరేడు నెలలకు మిగతా సగం చేసి పేగు కలుపుతాం' అన్నారు. అయ్యా, ఆ మిగతా సగం గురించే ఈ లేఖ.

కీమో 2025 జూలైకి అయిపోయింది. ఆగస్టులో వెళితే స్కాన్ బాగుంది, కలపొచ్చు అన్నారు. కానీ పథకం బిల్లులు రావట్లేదు, కార్డు మీద ఎమర్జెన్సీలు మాత్రమే తీసుకుంటున్నాం, అక్టోబరులో రండి అన్నారు. అక్టోబరులో ప్రైవేటు ఆసుపత్రులు బకాయిల కోసం సేవలే ఆపేశాయి, అది మీకు నేను చెప్పాలా. మళ్ళీ మొదలయ్యాయని పేపర్లో చూసి పరిగెత్తాం. 'మీది ఎమర్జెన్సీ కాదు కదా, లిస్టులో ఉన్నారు, ఫోన్ చేస్తాం' అన్నారు. ఆ ఫోను ఇంకా రాలేదు. ఎమర్జెన్సీ అని చెప్పి సంచి పెట్టారు. ఎమర్జెన్సీ కాదని చెప్పి ఇప్పుడు తీయడం లేదు.

సరే, తీసేదాకా సంచులైనా ఇవ్వండి అన్నాం. డిశ్చార్జి రోజు రెండిచ్చారు. తర్వాత ఆసుపత్రిలో పథకం పనులు చూసే ఆరోగ్యమిత్రను అడిగితే 'ప్యాకేజీలో లేదు' అన్నారు. మా ఊరి మందుల షాపులో అసలు దొరకవు, విశాఖ నుంచి తెప్పించుకోవాలి. ఒక్కోటి 280 రూపాయలు. మూడు రోజులకొకటి మార్చాలని నర్సమ్మ చెప్పింది. అంటే నెలకు 2,800. ఒకటో తారీఖున సచివాలయం అమ్మాయి గుమ్మంలోకి తెచ్చి ఇచ్చే 4,000 పింఛనులో సంచులు పోను 1,200 మిగులుతుంది. అందుకని నాన్న మూడు రోజుల సంచిని ఆరు రోజులు వాడుతున్నారు. తెల్లవారుజామున ఎవరూ లేవకముందే నూతి దగ్గర కడిగి, తువ్వాలు కింద దాచి ఆరబెడతారు. చెమటకి అంచు ఊడిపోతుంది. అమ్మ పాత చీర చించి నడుముకు పట్టీ కుట్టింది. ఊడినచోట చర్మం ఒరుసుకుపోయి ఎర్రగా మాంసం కనబడుతోంది. సంచి త్వరగా నిండకూడదని ఆయన సగం అన్నమే తింటున్నారు. కీమో చేయించుకున్న మనిషి!

బస్సెక్కరు. గుడికి రారు, మైల అంటారు. మా చెల్లెలి కూతురి పుట్టువెంట్రుకలు తీస్తుంటే పెరట్లో జీడిచెట్టు కింద కూర్చున్నారు. చెట్లెక్కడం సంగతి వదిలేయండి, బిందె ఎత్తినా పేగు బయటికి పొడుచుకొస్తుందని డాక్టర్లు వద్దన్నారు.

వైకల్యం ఉందని ఇచ్చే సదరం సర్టిఫికెట్టుకు వెళ్ళమని ఒక ఆఫీసరు గారు సలహా ఇచ్చారు. వెళ్ళాం. 2016 చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయి, పొట్ట మీద సంచి వాటిలో లేదన్నారు. కాళ్ళు చేతులు బాగానే ఉన్నాయి కదా అని పంపేశారు. మా పక్కింటాయన కిడ్నీ రోగి. డయాలసిస్ పింఛను 10,000 అందుతోంది. అందాలి కూడా, ఉద్దానంలో ఆ బాధ తెలియని ఇల్లు లేదు. ఆయనకిచ్చింది తగ్గించి మాకిమ్మనడం లేదు. నాన్న కూడా అదే అంటారు: 'ఆడికి సూది పోటు, నాకు సంచి. ఆడిదే కష్టం రా.'

అయ్యా, పథకం పరిమితి ఎన్ని లక్షలో పోస్టర్ మీద పెద్ద అక్షరాల్లో చూస్తున్నాం. దాని పేరు ఎన్నిసార్లు మారినా మా ఊళ్ళో ఆరోగ్యశ్రీ అనే అంటారు, ఏ పేరైనా మాకు అభ్యంతరం లేదు. మాకు లక్షలొద్దు. నెలకు పది సంచులివ్వండి. పీహెచ్‌సీలో బీపీ మాత్రలిస్తున్నట్టే వాటినీ ఇవ్వండి. ఎమర్జెన్సీలో సగం చేసిన ఆపరేషన్లు ఎన్ని అలా వదిలేశారో ఆసుపత్రులను లెక్క అడగండి. మా నాన్న ఒక్కరే అయ్యుండరు. బకాయిల గొడవ మీరూ వాళ్ళూ తేల్చుకోండి, మధ్యలో ఆయన పేగునెందుకు పెట్టారు? సంచులివ్వండి, లేదా పేగు కలపండి. ఏదో ఒకటి చెయ్యండి.

నిన్న రాత్రి ఈ లేఖ రాస్తుంటే నాన్న పక్కన కూర్చుని, 'ఏట్రా, మళ్ళీ రాస్తన్నావా? మంత్రిగారికి ఇలాంటి కంపు మాటలు రాయొచ్చేట్రా?' అన్నారు. రాయకూడనిదేమైనా రాసి ఉంటే ఆయన తరఫున క్షమించండి.

ఇట్లు,
ఒక పేషెంటు కొడుకు,
ఉద్దానం, శ్రీకాకుళం జిల్లా

జతపరిచినవి: నాలుగు అర్జీల రశీదులు, డిశ్చార్జి సమ్మరీ నకలు, ఒక సంచి. సంచి కొత్తదే, వాడలేదు. చూశాక దయచేసి తిప్పి పంపగలరు. నాన్నకు కావాలి.