కాలంద పాటల గురించి తల్లిదండ్రులకు

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

మూడు, నాలుగు తరగతుల పిల్లలు ఇంట్లో కాలంద అనే గ్రీకు క్రిస్మస్ పాటలు పాడుతున్నారని, బడిలో మతం నేర్పుతున్నారా అని వాట్సాప్ గ్రూపుల్లో చర్చ నడుస్తోందని తెలిసింది. మరోవైపు ఒక గ్రీకు కుటుంబం, పాటలోంచి క్రీస్తు పేరు తీసేస్తున్నారట కదా అని బాధపడింది. అందరికీ ఒకటే జవాబు: పాట ఉన్నది ఉన్నట్టే నేర్పుతున్నాం. ప్రార్థన మాత్రం చేయించడం లేదు.

మనది గ్రీకు, ఇంగ్లిష్ రెండు భాషల్లో చెప్పే ప్రభుత్వ బడి. ఆస్ట్రేలియాలోని మన విక్టోరియా రాష్ట్రపు 2006 విద్యా చట్టం ప్రకారం ఇక్కడ ఏ మతాన్నీ ప్రచారం చేయకూడదు. మతాల గురించి తెలియజెప్పడానికి మాత్రం ఆ చట్టం అడ్డు చెప్పదు. మేం ఆ గీత దాటలేదు, దాటం.

అసలు కాలంద ఎలా పాడతారో ఒక్కసారి వినండి. గ్రీసులో డిసెంబర్ 24న, 31న, జనవరి 5న పిల్లలు త్రిగోనో అనే ఇనుప త్రికోణం మోగిస్తూ ఇంటింటికీ వెళ్తారు. గుమ్మం ముందు నిలబడి "నా తా పూమే?" అంటారు. పాడమంటారా అని అడగడం అన్నమాట. ఇంటివాళ్లు సరేనంటేనే పాట మొదలవుతుంది. పాడాక చిల్లర డబ్బులో, మిఠాయిలో చేతిలో పెడతారు. అడిగి, ఒప్పుకుంటేనే పాడే ఈ పద్ధతి కన్నా రకరకాల మతాల పిల్లలున్న తరగతికి తగినది ఇంకేముంటుంది? కొత్త సంవత్సరం పాటలో సెయింట్ బాసిల్ అనే క్రైస్తవ సాధువు కైసరియా అనే ఊరి నుంచి వస్తాడు. ఆయన్ని తీసేస్తే ఆ పాటలో ఊరూ ఉండదు, కథా ఉండదు, వట్టి రాగం మిగులుతుంది. సంక్రాంతి హరిదాసు పాటలోంచి హరి పేరు తీసేసి మన పిల్లలకు నేర్పితే మనం ఊరుకుంటామా? ఎదుటివాళ్ల పండగను పూర్తిగా తెలుసుకున్నంత మాత్రాన మన పిల్లలు మన పండగకు దూరమైపోరు. ఈ విషయంలో నేను వెనక్కి తగ్గను.

నాలుగో తరగతిలో ఒక తెలుగమ్మాయి ఆ కొత్త సంవత్సరం పాట మొత్తం తడబడకుండా పాడింది. వినడానికొచ్చిన ఒక గ్రీకు తాతగారు, ఈ పిల్ల వాళ్లది ఏ దీవి అని అడిగారు! ఇంకో బాబు ముస్లిం కుటుంబం నుంచి వచ్చాడు. పాట పాడనని మర్యాదగా చెప్పి త్రిగోనో తీసుకున్నాడు. ఇప్పుడు తరగతి అంతా వాడి తాళం మీదే నడుస్తోంది. ఆ అమ్మాయి వాళ్ల నాయనమ్మగారు ఇదంతా విని, దసరాకు అయ్యవారితో ఇంటింటికీ తిరిగి పప్పుబెల్లాలు తెచ్చుకున్న రోజులు చెప్పారు. ఆవిడను తరగతికి పిలిచాం. వచ్చే గురువారం వస్తున్నారు.

తిండి గురించి అడిగినవాళ్లకు: మెలోమకరోన అనే క్రిస్మస్ తేనె బిస్కట్లలో గుడ్డు, వెన్న ఉండవు. క్రిస్మస్ ముందు నలభై రోజుల ఉపవాసంలోనూ తినేలా ఆలివ్ నూనె, నారింజ రసం, తేనెతో చేస్తారు. మామూలుగా వాల్‌నట్ చల్లుతారు కానీ అలర్జీ ఉన్న పిల్లల కోసం మేం చల్లం, బ్రాందీ కూడా వేయం. లోపల నాణెం దాచి చేసే వాసిలోపిటా అనే కొత్త సంవత్సరం కేకును సెలవుల తర్వాత ఫిబ్రవరిలో కోస్తాం. అందులో గుడ్డు ఉంటుంది కాబట్టి వద్దనుకునేవాళ్లు ముందే చెప్పండి.

మీరంతా పిల్లల చదువు మీద ఎంతో శ్రద్ధ ఉన్నవాళ్లే, అందుకే చెబుతున్నాను. టికెట్ చవగ్గా దొరికిందని డిసెంబర్ మొదట్లోనే ఇండియా వెళ్లిపోతే, ఆర్నెల్లు సాధన చేసిన బిడ్డ చోటు ఈ పాటల కార్యక్రమంలో వేదిక మీద ఖాళీగా ఉంటుంది. సందేహం ఉంటే రాత్రి పదకొండుకు గ్రూపులో పెట్టే బదులు పొద్దున ఆఫీసుకు ఫోన్ చేయండి, నేనే మాట్లాడతాను. కార్యక్రమం జరిగేటప్పుడు దయచేసి ఫోన్లు కిందికి దించండి. పోయినసారి వెనక వరసల పిల్లలకు అమ్మానాన్నల ముఖాలు కనిపించనేలేదు.

లైబ్రరీ పుస్తకాలు శుక్రవారంలోగా ఇచ్చేయండి. టోపీ లేకపోతే ఆటకు పంపం. పాట పాడించడం ఇష్టం లేనివాళ్లు బుధవారంలోగా క్లాస్ టీచరుకు ఒక్క ముక్క రాసివ్వండి, కారణం చెప్పక్కర్లేదు. ఆ పిల్లలకు త్రిగోనో, డప్పు, కాగితపు పడవల అలంకరణ ఉన్నాయి.

మీ
ప్రిన్సిపాల్