ఒంటి మీద ఏది కనిపించినా ఇంటికి పంపడమేనా?

సంపాదకులకు,

డే కేర్ సెంటర్లు చాలావాటిలో చర్మం విషయంలో ఒకటే నియమం: ఒంటి మీద ఏదైనా కనిపిస్తే బిడ్డను ఇంటికి పంపెయ్యడం. జాగ్రత్తలా కనిపించే ఈ పద్ధతి పనిచేసేది తలకిందులుగా. ఎవరికీ అంటని ఎగ్జిమా (చర్మం పొడిబారి దురద పెట్టే జబ్బు) ఉన్న పాప వారాల తరబడి ఇంట్లో కూర్చుంటుంది. వేళ్ల సందున రెండు చిన్న పొక్కులే కదా అనుకున్న బాబు గజ్జితో గదంతా తిరుగుతుంటాడు.

జబ్బు పేరు తేల్చాల్సింది డాక్టరే. కానీ పగలంతా బిడ్డను కనిపెట్టుకుని ఉండే ఆయాకు, టీచరుకు తెలిసే సంగతులు కొన్ని ఉంటాయి: పొక్కు మొదట ఎక్కడ లేచింది, ఎలా మారింది, జ్వరం ముందు వచ్చిందా తర్వాతా, బిడ్డ తింటోందా. వీటిని రాసిపెడితే సగం పని అయినట్టే.

ఎక్కువగా పొరబడేది గజ్జికీ ఎగ్జిమాకీ మధ్య. రెండూ దురదే. ఎగ్జిమా పసిపిల్లల్లో బుగ్గల మీద, చేతుల కాళ్ల బయటి వైపున మొదలవుతుంది. కాస్త పెద్దయ్యాక మోచేతి మడతల్లో, మోకాళ్ల వెనక పొడిబారి, గరుకుగా, మందంగా తయారవుతుంది. డైపర్ కట్టే చోట తేమ ఉంటుంది కాబట్టి సాధారణంగా అక్కడ రాదు. తగ్గుతూ మళ్లీ వస్తూ నెలల తరబడి ఉంటుంది. గజ్జి వేళ్ల సందుల్లో, మణికట్టు దగ్గర, చంకల్లో, నడుము చుట్టూ వస్తుంది. రెండేళ్లలోపు వాళ్లకు అరచేతుల్లో, అరికాళ్లలో, తలలోనూ రావచ్చు. గజ్జి పురుగు చర్మంలో తొలిచిన సన్నటి వంకర గీత కనిపిస్తే అనుమానం బలపడుతుంది. ఇక్కడ తల్లిదండ్రులను అడగాల్సినవి రెండు: రాత్రి దురద పెరుగుతోందా, ఇంట్లో ఇంకెవరైనా గోక్కుంటున్నారా?

గజ్జి మొదటిసారి సోకినవాళ్లకు దురద మొదలయ్యేది 4 నుంచి 6 వారాల తర్వాత. ఈలోగా కూడా అది అంటుకుంటుంది. అందుకే దురద లేనివాళ్లతో సహా ఇంట్లో అందరూ ఒకే రోజు మందు రాసుకోవాలి. ఒక్క బిడ్డకే రాస్తే మళ్లీ మొదటికొస్తుంది. డాక్టర్లు ఎక్కువగా ఇచ్చే 5 శాతం పర్మెత్రిన్ క్రీమును 8 నుంచి 14 గంటలు ఉంచి కడిగి, వారం తర్వాత మరోసారి రాస్తారు. పసిపిల్లలకు ఎంత, ఎక్కడెక్కడ రాయాలన్నది డాక్టరే చెప్పాలి. పక్క దుప్పట్లు, టవళ్లు వేడినీళ్లలో ఉతకాలి. ఉతకలేని బొమ్మలను ప్లాస్టిక్ సంచిలో గట్టిగా మూసి కనీసం మూడు రోజులు పక్కన పెట్టాలి. మొదటిసారి మందు రాయడం పూర్తయితే బిడ్డ తిరిగి రావచ్చు. పురుగు చచ్చినా దురద 2 నుంచి 4 వారాలు ఉండొచ్చు. మందు పనిచేయలేదనుకుని సెంటరు మళ్లీ ఇంటికి పంపడం, ఇంట్లో కంగారుపడి మళ్లీ మళ్లీ మందు రాసి చర్మాన్ని మండించడం ఇక్కడే జరుగుతుంది.

నీటి పొక్కుల్లో తేడా చెప్పేది చోటు. ఆటలమ్మ ఎక్కువగా ఛాతీ, వీపు, ముఖం, తల మాడు మీద లేస్తుంది. ఒకే సమయంలో కొత్త ఎర్ర మచ్చ, నీటి పొక్కు, ఎండిన పక్కు మూడూ పక్కపక్కనే ఉంటాయి. అన్నీ పక్కు కట్టేదాకా బిడ్డ రాకూడదు. ఆస్పిరిన్ అసలు ఇవ్వకూడదు. హ్యాండ్ ఫుట్ మౌత్ అనే వైరస్ జబ్బులో పొక్కులు అరచేతుల్లో, అరికాళ్లలో, పిరుదుల మీద, నోటి లోపల వస్తాయి. బిడ్డ తినదు, చొంగ కారుస్తుంది. దీని వైరస్ మలంలో వారాల తరబడి వస్తూనే ఉంటుంది కాబట్టి డైపర్ మార్చిన ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగాలి. దీని మీద శానిటైజర్‌ను నమ్ముకోలేం. ముక్కు కింద, నోటి చుట్టూ తేనె రంగు పక్కు కడితే ఇంపెటైగో అనే బ్యాక్టీరియా జబ్బు కావచ్చు. యాంటీబయాటిక్ మొదలుపెట్టాక కనీసం ఒక రోజు ఇంట్లో ఉంచాలి. ముత్యంలా మెరుస్తూ నడుమ చిన్న గుంట ఉన్న మొలస్కం (వైరస్ వల్ల వచ్చే) కాయలకు సెలవు అక్కర్లేదు. బట్టతో కప్పి, టవలు వేరుగా ఉంచితే చాలు.

పుస్తకాలన్నీ ‘ఎర్రటి’ అనే రాస్తాయి. చామనచాయ, నల్లటి ఒంటి మీద ఆ ఎరుపు ఊదాగానో ముదురు గోధుమగానో ఉంటుంది, ఒక్కోసారి కనిపించదు. కిటికీ వెలుతురులో చూడాలి, వేలితో తడిమి చూడాలి. వేడి, గరుకు, ఉబ్బు వేలికే ముందు తెలుస్తాయి. నడుము కింద పుట్టుకతో ఉండే నీలి మచ్చలు దెబ్బల్లా కనిపిస్తాయి. చేర్చుకున్న రోజే వాటిని తల్లిదండ్రుల ముందు రిజిస్టరులో రాసుకుంటే తర్వాత అనవసరపు అనుమానాలు ఉండవు.

తల్లిదండ్రులు రాయమన్నారని ఇంట్లో ఉన్న స్టెరాయిడ్ క్రీము రాసెయ్యడం ప్రమాదం. తామర (రింగ్‌వార్మ్ అనే ఫంగస్ జబ్బు) ఉంటే గుండ్రటి పొలుసు అంచు చెరిగిపోయి, దురద తగ్గినట్టే ఉండి, లోలోపల పాకుతుంది. అప్పుడు డాక్టరుకూ పోల్చుకోవడం కష్టం. తల మాడు మీద వెంట్రుకలు తెగి పొలుసు కట్టిన తామరకు పైపూత చాలదు, నోటి ద్వారా మందు వాడాలి.

వీటికి మాత్రం ఆలస్యం పనికిరాదు. జ్వరంతో ఉన్న బిడ్డకు చిన్న చిన్న ఊదా చుక్కలు లేస్తే గాజు గ్లాసు ఆనించి నొక్కండి. రంగు పోకపోతే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. గ్లాసు కింద రంగు పోయినా బిడ్డ మత్తుగా, నీరసంగా ఉంటే అంతే. దద్దుర్లతో పాటు పెదవులు వాచినా, ఊపిరి ఆడకపోయినా అంతే. ఎగ్జిమా ఉన్న బిడ్డకు ఒకే సైజు పొక్కులు గుంపుగా లేచి, చితికి పుండ్లై, నొప్పి, జ్వరం ఉంటే ఆ రోజే డాక్టరు చూడాలి.

మిగతా సందర్భాల్లో తల్లిదండ్రులకు ఫోన్ చేసి ‘మీ వాడికి గజ్జి’ అనకండి. ‘కుడిచేతి వేళ్ల సందుల్లో నాలుగు పొక్కులు, సోమవారం నుంచి, జ్వరం లేదు, డాక్టరుకు చూపించండి’ అని చూసింది చెప్పండి. మిగతా తల్లిదండ్రులకు పంపే నోటీసులో జబ్బు పేరు, గమనించాల్సిన లక్షణాలు ఉండాలి. బిడ్డ పేరు ఉండకూడదు.

— పిల్లల ఆరోగ్య నర్సుల బృందం