రాకాసి గుళ్లకు జాబితాలో చోటెప్పుడు? మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ వారసత్వ శాఖ మంత్రిగారికి,

నమస్కారం. నారాయణపేట జిల్లా ముడుమాల్‌లో పాతకాలపు మనుషులు పాతిన నిలువురాళ్లు 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాకెక్కినప్పుడు అందరితో పాటు మేమూ సంబరపడ్డాం. ఆ పేపర్ కటింగ్‌ను మా దరఖాస్తుకు జత చేశాం కూడా. అలాంటి పాతకాలపు మనుషులే మా ఊరి గుట్ట కింద కూడా, ఊళ్లో రాకాసి గుళ్లనే సమాధులు కట్టుకున్నారు, ఒకసారి వచ్చి చూడండి అని రాశాం. వచ్చిన జవాబు ఒక్క ముక్క: సదరు స్థలం రక్షిత కట్టడాల జాబితాలో లేదు.

లేదనే కదండీ మేము అర్జీ పెట్టుకున్నది! ఉంటే మీదాకా ఎందుకొస్తాం?

జాబితాలో చేర్చాలంటే సర్వే జరగాలట. సర్వేకి మనిషి కావాలి, ఆ మనిషి లేడట. వచ్చేదాకా తవ్వకాలైనా ఆపించండని ఇంకో ఆఫీసులో అడిగితే, పహాణీలో బంజరు అని ఉంది, సమాధులని ఎక్కడుందో చూపించమన్నారు. నిజమే, మూడు వేల ఏళ్ల కింద చనిపోయినవాళ్లు పాసుబుక్ చేయించుకోలేదు. మొరం తోలుకునేవాళ్లకు మాత్రం ఏ జాబితాతోనూ పని లేదు. రాత్రి టిప్పర్లు తిరిగాయంటే తెల్లారేసరికి ఒక రాతి వలయం మాయం.

గుండ్రంగా పాతిన పెద్ద గుండ్లు, మధ్యలో రాళ్ల కుప్ప, పైకి కనిపించేది అంతే. కింద బండలు నిలబెట్టి కట్టిన పెట్టె ఉంటుంది. అందులో ఎముకలు, ఇనుప పనిముట్లు, లోపల నల్లగా బయట ఎర్రగా ఉండే కుండలు. ఏది ఎక్కడ పెట్టారో అక్కడే ఉండగా చూస్తేనే వాళ్లెవరో, చావు గురించి ఏమనుకున్నారో కొంతైనా తెలిసేది. జేసీబీ బకెట్‌లో పడ్డాక అవి ఉత్త పెంకులు. 2017లో సిద్దిపేట జిల్లా నర్మెటలో ఇలాంటి సమాధి మీది టన్నుల బరువున్న మూతబండను క్రేన్ తెప్పించి జాగ్రత్తగా లేపారు. అంటే ఈ పని చేతకాక కాదు. మా దగ్గర అలాంటి బండనే డ్రిల్లు కొట్టి చీల్చి ప్రహరీ గోడకు వాడుకున్నారు. ఎవరని నన్నడగొద్దు, ఊళ్లో బతకాలి.

గుప్తనిధుల గ్యాంగులది ఇంకో గోల. నిమ్మకాయలు, కుంకుమ, అమావాస్య అర్ధరాత్రి తవ్వకం. దొరికేది కుండలే కాబట్టి, ఆ కోపం వాటి మీదే చూపించి పోతారు. ఇక్కడ బంగారం లేదని ఒక బోర్డు పెట్టినా కొన్నైనా మిగిలేవేమో.

రైతును మాత్రం నేను తప్పుపట్టను. చేలో రాళ్లు అడ్డొస్తే ట్రాక్టర్‌తో తోసేస్తాడు, అవేంటో అతనికి ఎవరు చెప్పారు? పైగా భూమి పోతుందనే టెన్షన్ ఒకటి. కేంద్రం రక్షణలో ఉన్న కట్టడానికి వంద మీటర్ల లోపు కొత్తగా కట్టుకోవద్దని, ఆ పైన ఇంకో రెండు వందల మీటర్ల దాకా పర్మిషన్ కావాలని ఎక్కడో విన్నవాడు, సర్వేవాళ్లు రాకముందే రాళ్లు ఎత్తించేస్తాడు. ఏ రూలు ఎవరి చేనుకు వర్తిస్తుందో ఊళ్లోకొచ్చి చెప్పాల్సింది ఎవరు? మేమా?

మా పెద్దవాళ్లు వీటిని రాకాసి గుళ్లన్నారు, భయపడి అటు పోలేదు. 2017లో రాష్ట్రం చేసిన వారసత్వ చట్టం కంటే ఆ భయమే బాగా కాపలా కాసింది. ఇప్పటి కుర్రాళ్లకు భయం లేదు, చట్టానికి తీరిక లేదు.

అయ్యా, మేము మ్యూజియం అడగట్లేదు, టూరిస్టు గెస్ట్‌హౌస్ అడగట్లేదు. తెలిసిన మనిషిని ఒక్కరిని పంపండి. దారి మేము చూపిస్తాం, భోజనం మా ఇంట్లోనే. మిగిలిన వలయాలను లెక్కపెట్టి, సర్వే నంబర్లు రాసుకుని, ఆ కాగితం జాబితాలోకి చేరేదాకా అక్కడ మొరం పర్మిట్ ఇవ్వకుండా ఆపించండి. దయచేసి ఆపించండి. మళ్లీ 'జాబితాలో లేదు' అనే రాసేట్టయితే ఆ కవరు, స్టాంపు ఖర్చయినా మిగుల్చుకోండి, మాకు ఆ ముక్క కంఠతా వచ్చేసింది.

వానలు తగ్గగానే టిప్పర్లు మళ్లీ మొదలవుతాయి. మీ మనిషి ఆలోపే రావాలి.

ఇట్లు,
ఆ గుట్ట కింది ఊరివాడు