ల్యాబుల్లో అవుట్‌పుట్ ఒక్కటే చూస్తే సరిపోదు

ఎడిటర్ గారికి నమస్కారం,

నేను రుషికొండ ఐటీ హిల్స్‌లో పనిచేస్తాను, కాలేజీ నుంచి కొత్తగా చేరిన పిల్లల కోడ్ చూసి సరిదిద్దడం నా పనిలో భాగం. పిల్లలు తెలివైనోళ్లే, కష్టపడతారు కూడా, కానీ వాళ్ల కోడ్ చూస్తే బాధేస్తుంది, తప్పు వాళ్లది కాదు, నేర్పిన తీరుదని చెప్పడానికే ఇది రాస్తున్నా.

కరెంటు బిల్లు స్లాబుల ప్రోగ్రామ్ ఇంజినీరింగ్ చదివినవాళ్లలో చాలామంది రాసే ఉంటారు. ఫస్టియర్‌లో సీ భాషలో రాయిస్తారు, యూనిట్లు అడగడం, లెక్క కట్టడం, ప్రింట్ చెయ్యడం అన్నీ మెయిన్ అనే ఒక్క ఫంక్షన్‌లోనే, వేరియబుల్స్ అన్నీ పైన గ్లోబల్‌గా, అంటే కోడ్‌లో ఎక్కడినుంచైనా మార్చగలిగేలా. తర్వాత జావా వస్తుంది, అదే ప్రోగ్రామ్‌ని తీసుకెళ్లి ఒక క్లాసులో, అంటే డేటానీ దాని ఫంక్షన్లనీ కలిపి ఉంచే మూసలో పెట్టి ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ అంటారు. పైథాన్‌కి వచ్చేసరికి లాంబ్డాలు (పేరులేని చిన్న ఫంక్షన్లు), మ్యాప్‌లు (జాబితాలో ఒక్కోదానికీ ఫంక్షన్ వర్తింపజేసేవి) ఒకే లైన్లో కుక్కేసి ఫంక్షనల్ అంటారు. పేర్లు మారాయి గానీ చిక్కుముడి అలాగే ఉంది, రేపు స్లాబు రేటు మారితే ఎక్కడెక్కడ మార్చాలో రాసినవాడికే తెలీదు.

నన్నడిగితే క్లాసుల కంటే ముందు ఒక్క అలవాటు చెయ్యాలి. ఫంక్షన్‌కి యూనిట్లు ఇస్తే ఎంత కట్టాలో తిరిగివ్వాలి, అంతే, లోపల ఇన్‌పుట్ అడిగే స్కాన్ఎఫ్ ఉండకూడదు, తెరమీద చూపే ప్రింట్ఎఫ్ ఉండకూడదు, బయటి వేరియబుల్ జోలికి పోకూడదు. అలా రాస్తే, స్లాబు 100 యూనిట్ల దగ్గర మారుతుందనుకుంటే, 0, 100, 101 ఇచ్చి వెంటనే చెక్ చేసుకోవచ్చు, తప్పులు ఎక్కువగా దొరికేది స్లాబు అంచుల్లోనే. ఫంక్షనల్ ప్రోగ్రామింగ్‌లో అసలు సారం ఇదే, దీనికి హాస్కెల్ లాంటి ఫంక్షనల్ భాష నేర్చుకోనక్కర్లేదు, సీలోనే చెయ్యొచ్చు.

ఆబ్జెక్టులు వద్దనట్లేదండి. క్లాసులు మొదట వచ్చింది నార్వేలో తయారైన సిమ్యులా 67లో, అది సిమ్యులేషన్ల కోసం పుట్టిన భాష. మన పోర్టులో బెర్తు కోసం ఆగిన ఓడలనే తీసుకోండి, ఒక్కో ఓడకి దాని సరుకు, వచ్చిన టైము, ఏ బెర్తో అన్నీ ఉంటాయి, అవి మారుతుంటాయి, అక్కడ క్లాసు అవసరం పిల్లాడికి దానంతటదే తెలుస్తుంది. మనమేమో యానిమల్, డాగ్ అని ఇన్హెరిటెన్స్‌తో, అంటే ఒక క్లాసు గుణాలు ఇంకో క్లాసుకి వారసత్వంగా ఇవ్వడంతో మొదలుపెడతాం, దాంతో బిల్లు లెక్క వాడుకోడానికని కస్టమర్ క్లాసుకి బిల్లు క్లాసుని తండ్రిని చేసేస్తున్నారు, అలాంటి కోడ్ నా ముందుకి వస్తూనే ఉంటుంది.

1968లో డచ్ కంప్యూటర్ శాస్త్రవేత్త డైక్‌స్ట్రా గోటూ (కోడ్‌లో ఒక చోటి నుంచి ఇంకో చోటికి దూకించే ఆదేశం) వద్దని వాదించింది కూడా కమ్యూనికేషన్స్ ఆఫ్ ది ఏసీఎం పత్రిక ఎడిటర్‌కి రాసిన ఉత్తరంలోనే. రాసిన కోడ్ చదువుతుంటే అది నడిచే తీరు అర్థం కావాలన్నది ఆయన పట్టుదల. గోటూ ఇప్పుడు పెద్దగా కనపడదు, కానీ ఎవరు ఎప్పుడు మార్చారో తెలీని గ్లోబల్ వేరియబుల్ అదే గందరగోళం తెస్తోంది.

కాలేజీల్లో సార్లకి, మేడమ్‌లకి ఒక్కటే మనవి. బ్యాచ్ మొత్తాన్ని ఒక్కరే చూసుకోవాలి, టైముండదు, తెలుసు. అయినా అవుట్‌పుట్ రాగానే రికార్డులో సంతకం పెట్టెయ్యకండి. వైవాలో పాలిమార్ఫిజం (ఒకే పేరుతో వేర్వేరు క్లాసులు వేర్వేరుగా పనిచెయ్యడం) డెఫినిషన్ అడిగే బదులు, "ఇంకో స్లాబు కలుపు చూద్దాం" అనండి, ఎన్ని చోట్ల మార్చాల్సొచ్చిందో చూసి మార్కులు వెయ్యండి. దీనికి సిలబస్ మారేదాకా ఆగక్కర్లేదు, వచ్చే సెమిస్టర్ ల్యాబ్‌లోనే మొదలుపెట్టొచ్చు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
మధురవాడ, విశాఖపట్నం