ఏడు నుంచి నాలుగు

పెద్దవాల్తేరు,
ఆదివారం

చి.సౌ. అమ్మలుకి,

నాన్న ఆశీర్వదించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం.

ఎండలు ముదిరాయి. సాయంత్రం ఆరు దాటితేగాని బీచి వైపు నడవలేకపోతున్నాను. ఎం.వి.పి. కాలనీ రైతుబజారు నుంచి కాయ కొట్టించి తెచ్చాను, మీ అమ్మ ఆవకాయ కలిపింది. నీ వాటా రెండు కిలోలు. దారిలో పగలకుండా ప్లాస్టిక్ డబ్బాలో సర్ది, మూతకు టేపు చుట్టాను. పై నూనె వంపేయకు.

పిన్ని మీ దగ్గరనుంచి వస్తూ ఇక్కడ ఒక పూట ఆగింది. చెప్పుకోవలసిందేమీ లేదు. బుజ్జిగాడు పొడుగయ్యాడట. వాడికి అన్నం పెట్టాలంటే ఎదురుగా టాబ్లెట్ ఉండాలని, మూడేళ్ళు నిండినా రెండు మాటలు కలిపి అనడం లేదని కూడా అంది. పిన్ని సంగతి తెలిసిందే, గోరంతను కొండంత చేస్తుంది. నేను పట్టించుకోలేదు.

ఏడు ఆదివారాలుగా ఫోను చేస్తే "తర్వాత చేస్తాను నాన్నా" అంటున్నావు. మీ ఇద్దరికీ పని ఎక్కువని తెలుసు. అందుకే ఉత్తరం రాస్తున్నాను, తీరిక చూసుకుని చదువుకో.

మొన్న అటక సర్దుతుంటే నాయనమ్మ ముగ్గు డబ్బా దొరికింది. నీకు అయిదేళ్ళప్పుడు సంక్రాంతికి, "ఏడు నుంచి నాలుగు, సందు చుక్క" మెలికల ముగ్గు నేనే వేస్తానని మొండికేశావు. మన వాకిట్లో సముద్రపు గాలి, పిండి నేలమీద నిలిచేది కాదు. నాయనమ్మ గాలికి వీపు పెట్టి, కొంగు అడ్డం పట్టి కూర్చునేది. మొదటి ఏడాది నీ చెయ్యి తన చేతిలో పెట్టుకుని గీయించింది. మరుసటి ఏడు సగం తను గీసి, "మిగతాది ఇలాగే" అని పక్కన కూర్చుంది. నువ్వు తప్పు వేస్తే తప్పని చెప్పేది కాదు, "ఆ చుక్క ఒంటరిదైపోయింది చూడు" అనేది, అంతే. మూడో ఏడు తను గడపమీద కూర్చుని నోటితోనే చెప్పింది. ఆ పై ఏడు చెప్పే పని కూడా లేకపోయింది. నీకు నువ్వే "చుక్క దాటి, కిందికి, మళ్ళీ వెనక్కి" అని గొణుక్కుంటూ వేశావు. అది అచ్చం నాయనమ్మ గొంతే! మీ అమ్మా నేనూ కిటికీలోంచి విని నవ్వుకున్నాం. మధ్యలో పాలవాడు సైకిలు ముగ్గుమీద పోనిస్తే నువ్వు పెట్టిన ఏడుపు వీధంతా వినబడింది, అది వేరే సంగతి.

బి.ఇడి.లో చదివిన వైగాట్‌స్కీ నాకు ఆ రోజు అర్థమయ్యాడు. రష్యా మనస్తత్వవేత్త, క్షయతో 1934లో 37 ఏళ్ళకే పోయాడు. పిల్లవాడు ఒంటరిగా చేయగలిగేదానికీ, తెలిసినవాళ్ళు తోడుంటే చేయగలిగేదానికీ మధ్య కొంత జాగా ఉంటుందనీ, చదువు చెప్పవలసింది అక్కడేననీ అన్నాడు. పిల్లలు తమలో తాము గొణుక్కోవడం వయసుతో ఊరికే పోతుందని పియాజే అనే స్విట్జర్లాండు మనస్తత్వవేత్త అనుకుంటే, పోదు, లోపలికి వెళ్ళి ఆలోచనగా మారుతుందని ఈయన వాదించాడు. ముందు ఇద్దరి మధ్య నడిచిన మాటే తర్వాత ఒకరి బుర్రలో నడుస్తుందన్నమాట. నాయనమ్మ బడి గడప తొక్కలేదు. ముప్పై రెండేళ్ళు పాఠాలు చెప్పిన నేనేమో, ట్యూషన్లకు తిరగడమే తప్ప నీ పక్కన కూర్చున్నది తక్కువ.

ఉపన్యాసం ఇవ్వనని మీ అమ్మకు మాటిచ్చాను. ఇంకొక్కటి చెప్పి ఆపుతాను. 2003లో అమెరికాలో పట్రీషియా కుల్ అనే పరిశోధకురాలి బృందం తొమ్మిది నెలల పసిపిల్లలకు పన్నెండు విడతలు చైనా భాష వినిపించింది. ఎదుట మనిషి కూర్చుని ఆడిస్తూ మాట్లాడితే పిల్లలు ఆ ధ్వనుల తేడా పట్టుకున్నారు. అదే టీవీలో చూపిస్తే వాళ్ళకు ఏమీ అంటలేదు. ఏడాది చందా కట్టి ఏదో చదువు యాప్ తీసుకున్నారట కదా. డబ్బు పోతే పోయింది, దాన్ని తిట్టను. అందులో ఏనుగు కనిపించినప్పుడు "ఏదీ, తొండమేదీ?" అనడానికి పక్కన ఒకరు ఉంటున్నారా? అంతవరకే నా ప్రశ్న.

ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లీషు కాబట్టే మాట ఆలస్యమైందని పిన్ని తేల్చేసింది. ఆ మాట నమ్మి తెలుగు మానేయకు. రెండు భాషలు వింటున్నంత మాత్రాన మాట ఆగదు. వాడి చెవులు ఒకసారి డాక్టరుకు చూపించు. బెంగ పెట్టుకుని కాదు, ఒక పని అయిపోతుంది. ఇంతకుముందే చూపించి ఉంటే నాకు చెప్పలేదేమని కోప్పడను. కొంచెం కోప్పడతాను.

మా ఇద్దరికీ వచ్చే శనివారం ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌లో బెర్తులు దొరికాయి. అల్లుడుగారికి ఇబ్బందైతే చెప్పు, మానేస్తాం. మీ అమ్మ మాత్రం అప్పుడే పెట్టె సర్దేసింది. సంక్రాంతి కాదు కదా అన్నా వినకుండా ముగ్గు డబ్బా కూడా అందులో పెట్టింది.

రాత్రిళ్ళు పెరుగన్నం మానకు. ఈలోగా ఒకసారి ఫోను వాడి చెవి దగ్గర పెట్టు. వాడు మాట్లాడకపోయినా పరవాలేదు, నేను మాట్లాడతాను.

ఇట్లు
మీ నాన్న